వాటా కొనేది మీరా, మీ కంపెనీయా?

అమెరికాలో ఇద్దరు స్నేహితులు కలిసి పెట్టిన కంపెనీ చీలిపోయేటప్పుడు అందరి కళ్లూ ధర మీదే ఉంటాయి. 10 లక్షల డాలర్లా, 12 లక్షలా? చేతికి ఎంత, వాయిదాలు ఎన్ని? ఈ బేరం నెలల తరబడి నడుస్తుంది. చివరికి ఒక అంకె దగ్గర ఇద్దరూ ఆగుతారు. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక పేజీ నమూనా నింపుతారు: "సోము పేరున ఉన్న 50 శాతం వాటాను 10 లక్షల డాలర్లకు కొనడానికి రాము అనే నేను అంగీకరిస్తున్నాను." సంతకాలు అయిపోతాయి. మర్నాడు రాము కంపెనీ చెక్కుబుక్కు తీసి సోము పేర చెక్కు రాస్తాడు.

కాగితం ప్రకారం కొన్నది రాము. డబ్బు కట్టింది కంపెనీ. అది సి కార్పొరేషన్ (లాభం మీద కంపెనీ ఒకసారి, డివిడెండ్ మీద యజమాని మరోసారి పన్ను కట్టే రకం) అయితే, ఈ రెంటికీ పొంతన కుదరనందుకు రాము కట్టాల్సిన పన్ను 2,38,000 డాలర్ల దాకా పోవచ్చు.

అందుకే ధర కంటే ముందు తేలాల్సింది కొనేవాడు ఎవరన్నది. ఆ ఒక్క విషయం తేలకుండా ఒప్పుకున్న ధర సగం ధరే. సీపీఏ (అమెరికాలో లైసెన్సున్న అకౌంటెంటు) దగ్గరికి సంతకాలయ్యాక వెళ్లేవాళ్లే ఎక్కువ. అప్పటికి ఆయన చేయగలిగింది ఫారాలు నింపడమే.

లెక్కకి ఒక కంపెనీ అనుకుందాం. విలువ 20 లక్షల డాలర్లు. రాము, సోము చెరి సగం. ఒక్కొక్కరి బేసిస్, అంటే పన్ను లెక్కలో ఆ వాటా మీద వాళ్లు పెట్టినట్టు నిలిచిన సొమ్ము, లక్ష డాలర్లు. సోము బయటికి పోతున్నాడు. దారులు రెండు. రాము తన జేబులోంచి కొనడం క్రాస్ పర్చేజ్. కంపెనీయే సోము వాటాను తిరిగి కొని రద్దు చేయడం రిడెంప్షన్. రెండు దారుల్లోనూ చివరికి మిగిలేది ఒకటే, రాము 100 శాతం యజమాని.

సోముకి ఈ తేడా పెద్దగా పట్టదు. ఎవరు కొన్నా 9 లక్షల లాభం మీద దీర్ఘకాలిక క్యాపిటల్ గెయిన్ పన్ను కడతాడు. 2025 లెక్కన భార్యాభర్తలు కలిసి రిటర్న్ వేస్తే, పన్ను పడే ఆదాయం 6,00,050 డాలర్లు దాటిన భాగం మీద 20 శాతం, అంతకు దిగువన ఎక్కువ భాగం మీద 15 శాతం. దానికి తోడు ఆదాయం రెండున్నర లక్షలు దాటితే 3.8 శాతం నెట్ ఇన్వెస్ట్‌మెంట్ పన్ను. రాష్ట్రం పన్ను వేరు. టెక్సస్‌లో సున్నా, కాలిఫోర్నియాలో క్యాపిటల్ గెయిన్‌కి ప్రత్యేక రేటంటూ లేక మామూలు ఆదాయంతో పాటే. కాబట్టి సోము తరఫు లాయరు "మాకెలాగైనా ఫరవాలేదు" అంటే నమ్మొచ్చు. ఆ మాట రాము తరఫు లాయరు నోట వస్తే మాత్రం నిలబెట్టి అడగాలి.

సి కార్పొరేషన్ లెక్క

రాము జేబులో 10 లక్షలు లేవు. ఉన్నది కంపెనీలో. అప్పు చేసి సోము వాటా కొన్నాడనుకుందాం. ఆ అప్పు తీర్చడానికి కంపెనీ నుంచి డివిడెండ్ తీసుకోవాలి. దాని మీద 20 శాతం, 3.8 శాతం కలిపి 23.8 శాతం పన్ను పోగా 10 లక్షలు మిగలాలంటే సుమారు 13,12,000 డివిడెండ్ కావాలి. కంపెనీ ముందే 21 శాతం కార్పొరేట్ పన్ను కడుతుంది గనుక, అంత డివిడెండ్ ఇవ్వడానికి సంపాదించాల్సిన లాభం దాదాపు 16,61,000. అదే కంపెనీ నేరుగా సోముకి కడితే 21 శాతం పోగా 10 లక్షలు మిగిలితే చాలు. దానికి కావాల్సిన లాభం 12,66,000. రెంటికీ తేడా దాదాపు 3,95,000 డాలర్ల లాభం.

క్రాస్ పర్చేజ్‌ను సమర్థించేవాళ్లు ఇక్కడ బేసిస్ మాట ఎత్తుతారు. రాము స్వయంగా కొంటే అతని బేసిస్ లక్ష నుంచి 11 లక్షలకు పెరుగుతుంది, రేపు కంపెనీ అమ్మినప్పుడు 10 లక్షల మీద పన్ను తప్పుతుంది అని. మాట నిజమే. కానీ ఎప్పుడో తప్పబోయే 23.8 శాతం కోసం ఇవాళే 23.8 శాతం కట్టడం ఏ లెక్క? పైగా రాము ఆ వాటాను చివరిదాకా ఉంచుకుంటే, అతని తదనంతరం వారసులకు బేసిస్ ఎలాగూ మార్కెట్ విలువకు చేరుతుంది. ఇవాళ కట్టినది అప్పుడు వృథా.

రాము దగ్గర సొంత డబ్బు ఉంటేనో? అప్పుడు కూడా నేరుగా కొనమని చెప్పను. ఆ 10 లక్షలు కంపెనీకి అప్పుగా ఇచ్చి, కంపెనీ చేత రిడీమ్ చేయించడం మేలు. తర్వాత కంపెనీ ఆ అప్పు తీర్చేటప్పుడు అసలు మీద పన్ను ఉండదు, వడ్డీ మీదే ఉంటుంది. వాటాలో ఇరుక్కునే 10 లక్షల బేసిస్ ఏటా కొంచెం కొంచెంగా చేతికొస్తుంది. కాకపోతే అది నిజంగా అప్పులా ఉండాలి. ప్రోనోటు, వడ్డీ రేటు, వాయిదా తేదీలు, ఆ తేదీల్లో కట్టినట్టు బ్యాంకు రుజువులు. కాగితం మీద అప్పు రాసుకుని మూడేళ్లు ఒక్క వాయిదా కూడా కట్టకపోతే, అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ దాన్ని పెట్టుబడి అంటుంది. కట్టినప్పుడు డివిడెండ్ అంటుంది.

బయట అప్పు చేసినా లెక్క ఇటే మొగ్గుతుంది. సి కార్పొరేషన్ వాటా కొనడానికి రాము సొంతంగా అప్పు చేస్తే ఆ వడ్డీ ఇన్వెస్ట్‌మెంట్ వడ్డీ. ఫారం 4952 మీద, తనకున్న పెట్టుబడి ఆదాయం మేరకే తగ్గించుకోవాలి. అప్పు కంపెనీ చేస్తే అది వ్యాపార వడ్డీ.

ఇప్పుడు మొదట్లో చెప్పిన చెక్కు దగ్గరికి వద్దాం. ఐఆర్ఎస్ 1969లో ఇచ్చిన 69-608 రెవెన్యూ రూలింగ్ ఈ విషయంలో నేటికీ ప్రామాణికం. దాని సారం ఇది. వాటా కొనే బాధ్యత రాము మీద నేరుగా, ఏ షరతూ లేకుండా పడ్డాక, ఆ బాకీని కంపెనీ తీరిస్తే, అది రాముకి ఇచ్చిన డివిడెండే. 1966లో సల్లివాన్ కేసులో ఎనిమిదో సర్క్యూట్ (ఫెడరల్ అప్పీళ్ల) కోర్టు తేల్చింది కూడా ఇదే. దానికి ఎనిమిదేళ్ల ముందు, 1958లో, హోల్సీ కేసులో మూడో సర్క్యూట్ కోర్టు ఎదుట ఉన్న కథ దాదాపు ఇలాంటిదే. కానీ హోల్సీకి ఉన్నది మిగతా 50 శాతాన్ని 80,000 డాలర్లకు కొనే ఆప్షన్ మాత్రమే. ఇష్టమైతే కొనొచ్చు, కొనాలన్న బాధ్యత లేదు. ఆయన ఆ ఆప్షన్‌ను కంపెనీకి రాసిచ్చాడు, కంపెనీ కొంది. హోల్సీకి డివిడెండ్ ముట్టలేదని కోర్టు తేల్చింది. డబ్బు నడిచిన దారి రెండు కేసుల్లోనూ ఒకటే. తేడా అంతా కాగితం మీదున్న బాధ్యతలో ఉంది.

కనుక ఒప్పందంలో కొనేది కంపెనీ అని మొదటి నుంచీ రాయాలి. ఇంకా తేలలేదనుకుంటే, ఒప్పందాన్ని కంపెనీకి బదలాయించే హక్కు రాముకి ఉండాలి. బదలాయించిన క్షణం అతని సొంత బాధ్యత తీరిపోవాలి. సోముకి భరోసా కావాలంటే రాము హామీదారుగా సంతకం పెట్టొచ్చు. హామీ రెండో వరుస బాధ్యత గనుక కంపెనీ కడితే రాముకి డివిడెండ్ అవదు. ఇంతకంటే ప్రమాదం పాత కాగితాల్లో ఉంటుంది. కంపెనీ పెట్టిన కొత్తలో రాసుకున్న బై-సెల్ అగ్రిమెంట్, అంటే ఒకరు తప్పుకుంటే వాటా ఎవరు కొనాలో చెప్పే ఒప్పందం, తీసి చూడండి. ఒకరు తప్పుకుంటే లేక చనిపోతే మిగిలినవారు "కొనాలి" అని ఉందా, "కొనవచ్చు" అని ఉందా? "కొనాలి" అని ఉంటే, ఆ సంఘటన జరగకముందే సవరించుకోవాలి. జరిగాక సవరించడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఎస్ కార్పొరేషన్‌లో కథ వేరు

తెలుగువాళ్ల ఐటీ కన్సల్టింగ్ కంపెనీల్లో ఎస్ కార్పొరేషన్లు చాలా. వాటికి పై వాదనంతా అలాగే వర్తింపజేసి భయపెట్టేవాళ్లున్నారు. అది తప్పు. ఎస్ కార్పొరేషన్‌లో లాభం కే-1 (ఎవరి వంతు ఎంతో కంపెనీ చూపే ఫారం) ద్వారా ఏటా వాటాదారు రిటర్న్‌లోకే వస్తుంది. పన్ను ఒకేసారి పడుతుంది. పన్ను కట్టిన లాభం బేసిస్‌ను పెంచుతుంది, తీసుకున్న డబ్బు బేసిస్‌ను తగ్గిస్తుంది.

లెక్క కట్టి చూడండి. రాము అప్పు చేసి సోము వాటా కొన్నాడు, బేసిస్ 11 లక్షలు. తర్వాతి ఏళ్లలో కంపెనీ సంపాదించిన 10 లక్షలతో బేసిస్ 21కి పెరిగింది. అది బయటికి తీసి అప్పు తీర్చాడు, బేసిస్ మళ్లీ 11. రెండో దారిలో కంపెనీయే అప్పు చేసి సోముని పంపించింది, రాము బేసిస్ లక్షే. కంపెనీ 10 లక్షలు సంపాదించి బ్యాంకుకి కట్టేసింది. ఆ లాభం మీద పన్ను కట్టింది రామే గనుక బేసిస్ 11 లక్షలు. ఇద్దరు వాటాదారులున్న, ఎప్పుడూ సి కార్పొరేషన్‌గా లేని ఎస్ కార్పొరేషన్‌లో చివరికి రెండు దారులూ ఒకే చోట కలుస్తాయి.

తేడా వచ్చేది మధ్యలోనే. వచ్చే రెండేళ్లలో నష్టాలు రావొచ్చనుకుంటే, వాటిని సొంత రిటర్న్‌లో వాడుకోవడానికి బేసిస్ కావాలి. కంపెనీ చేసిన బ్యాంకు అప్పు, రాము హామీ పడినా సరే, అతనికి బేసిస్ ఇవ్వదు. అప్పుడు క్రాస్ పర్చేజ్ మేలు. వడ్డీ విషయంలో ఇక్కడ భయం లేదు. ఎస్ కార్పొరేషన్ వాటా కొనడానికి చేసిన అప్పు వడ్డీని ఐఆర్ఎస్ 89-35 నోటీసు ప్రకారం కంపెనీ ఆస్తుల మీద పంచుతారు. వ్యాపారంలో చురుగ్గా పనిచేస్తున్న యజమానికి అందులో వ్యాపార ఆస్తుల వంతు షెడ్యూల్ ఇ రెండో భాగంలో తగ్గించుకునే ఖర్చు. దాన్ని తెలియక షెడ్యూల్ ఎ మీద, అంటే సొంత ఖర్చుల తగ్గింపుల్లో, వేసి సగం పోగొట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

కంపెనీ గతంలో సి కార్పొరేషన్‌గా ఉండి, అప్పటి లాభాలు లోపలే మిగిలి ఉంటే మాత్రం మళ్లీ డివిడెండ్ భూతం లేస్తుంది. వాటాదారులు ముగ్గురైతే ఇంకో చిక్కు. రిడెంప్షన్‌లో మిగిలిన ఇద్దరి శాతమూ దామాషాగా పెరుగుతుంది. ఒకడే ఎక్కువ కొనాలనుకుంటే క్రాస్ పర్చేజే దారి. ఆ ఒకడి బాకీని కంపెనీ కడితే మూడోవాడికి రావాల్సిన డబ్బు పోయినట్టే.

సోముకి ఎస్ కార్పొరేషన్‌లో ఒక అదనపు లాభం ఉంది. అతను అందులో నిజంగా పనిచేసిన భాగస్వామి అయితే, కంపెనీ వ్యాపార ఆస్తులకు సంబంధించిన లాభం మీద ఆ 3.8 శాతం పడదు. మొత్తం 9 లక్షలూ అలాంటిదే అయితే 34,200 డాలర్లు మిగులు. పేరుకి మాత్రమే ఉన్న వాటాదారుకి ఈ మినహాయింపు లేదు.

జూన్ 30న వెళ్లిపోయినవాడికి అక్టోబరు లాభం

ఎస్ కార్పొరేషన్ విడిపోవడంలో పోట్లాటలు ఎక్కువగా వచ్చేది మరుసటి మార్చిలో, కే-1 చేతికొచ్చినప్పుడు.

సోము జూన్ 30న వాటా అమ్మాడు. మొదటి ఆరు నెలల్లో కంపెనీ లాభం లక్ష డాలర్లు. అతను వెళ్లాక ఒక పెద్ద కాంట్రాక్టు వచ్చి, తర్వాతి ఆరు నెలల్లో 5 లక్షలు. ఏడాది మొత్తం 6 లక్షలు. మామూలు నియమం ప్రకారం ఏడాది లాభాన్ని రోజులకు పంచుతారు. అమ్మిన రోజు కూడా అమ్మినవాడి లెక్కలోకే వస్తుంది గనుక సోము రోజులు 181. ఆరు లక్షలను 365తో భాగించి, 181తో గుణించి, అందులో సగం తీస్తే 1,48,767 డాలర్లు. తాను చూడని కాంట్రాక్టు లాభం మీద సోము పన్ను కట్టాలి. చేతికి ఆ డబ్బు రాలేదు.

దీనికి మందు పన్ను చట్టం 1377(ఎ)(2) సెక్షన్ కింద ఎంపిక. ఏడాదిని జూన్ 30 దగ్గర రెండు ముక్కలుగా అనుకుని, పుస్తకాలు అక్కడ మూస్తారు. సోము వంతు అప్పుడు లక్షలో సగం, 50,000. కానీ ఈ ఎంపికకు కంపెనీతో పాటు సోము, రాము ఇద్దరూ ఒప్పుకోవాలి. చెక్కు చేతులు మారాక రాము ఎందుకు ఒప్పుకుంటాడు? ఆ 98,767 తేడా అప్పుడు తన నెత్తి మీద పడుతుంది కదా. అందుకే ఈ అంగీకారాన్ని అమ్మకం ఒప్పందంలోనే ఒక క్లాజుగా రాయించుకోవాలి, వీలైతే అంగీకార పత్రం మీద ఆ రోజే సంతకాలు పెట్టించాలి. జూన్ 30 నాటి పుస్తకాలు ఎవరు మూస్తారు, ఇంకా బిల్లు వేయని గంటలు ఎటు పోతాయి అన్నది కూడా.

"లాభం ఎక్కువ వేస్తే బేసిస్ పెరుగుతుంది, క్యాపిటల్ గెయిన్ తగ్గుతుంది, ఎలాగూ సరిపోతుంది" అనే సమాధానం వినిపిస్తుంటుంది. సరిపోదు. ఎక్కువ వేసినది మామూలు ఆదాయం, 37 శాతం దాకా పోతుంది. తగ్గేది 20 శాతం లోపు పన్ను పడే లాభం. కే-1 పన్నుకు సరిపడా డబ్బు కంపెనీ నుంచి సోముకి రావాలని కూడా ఒప్పందంలో ఉండాలి. అతను బయటికి వచ్చాక కంపెనీ ఖాతా మీద అతనికి ఏ హక్కూ ఉండదు.

ఇండియా తిరుగు ప్రయాణం, భార్య సంతకం

సోము బయటికి పోతున్నది హైదరాబాద్ తిరిగి వెళ్లిపోవడానికైతే తేదీల వరస మరీ ముఖ్యం. నాన్ రెసిడెంట్ ఏలియన్, అంటే అమెరికా పౌరుడు కాక, పన్ను లెక్కలో అక్కడి నివాసి కూడా కానివాడు, ఎస్ కార్పొరేషన్‌లో నేరుగా వాటాదారుగా ఉండకూడదు. పన్ను లెక్కలో సోము నాన్ రెసిడెంట్ అయిన రోజునే, వాటా ఇంకా అతని పేర ఉంటే, ఎస్ హోదా పోతుంది. ఆ రోజు నుంచి కంపెనీ సి కార్పొరేషన్. ఐఆర్ఎస్ అనుమతి లేకుండా అయిదేళ్ల దాకా మళ్లీ ఎస్ ఎంచుకునే వీల్లేదు. తెలియక జరిగిందని వేడుకునే దారి ఉంది గానీ, దానికి ఖర్చూ కాలమూ పడతాయి. వాటా బదిలీ విమానం ఎక్కకముందే ముగియాలి. డబ్బు వాయిదాల్లో తర్వాత వచ్చినా ఫరవాలేదు, అప్పుడతను అప్పిచ్చినవాడు, వాటాదారు కాదు.

టెక్సస్, కాలిఫోర్నియా లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అక్కడ పెళ్లయ్యాక సంపాదించిన వాటాలో భార్యకూ హక్కుంటుంది. ఆమె ఇండియాలోనే ఉంటూ అమెరికా పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్ అయితే, ఎస్ హోదాకి మొదటి రోజు నుంచే ముప్పు. అసలు ఎస్ ఎంపిక కోసం వేసిన ఫారం 2553 మీద భార్య సంతకం ఉందో లేదో చాలామంది చూడరు. వాటా కొనేముందు రాము అడగాల్సిన మొదటి కాగితం అదే. అమ్మకం పత్రం మీద కూడా ఆమె సంతకం తీసుకోవాలి.

ఇంట్లోవాళ్ల మధ్య అమ్మకాల్లో అన్నదమ్ములకి భయం తక్కువ, తండ్రీకొడుకులకి ఎక్కువ. రిడెంప్షన్ జరిగినప్పుడు 318 సెక్షన్ ప్రకారం భార్యాభర్తలు, పిల్లలు, మనవలు, తల్లిదండ్రుల వాటాలు అమ్మినవాడివిగానే లెక్కిస్తారు. ఆ జాబితాలో తోబుట్టువులు లేరు. కాబట్టి తండ్రి తన వాటానంతా కంపెనీకి అమ్మినా, కొడుకు వాటా అతనిదే అన్నట్టుంటుంది. అది సి కార్పొరేషన్ అయితే వచ్చిన మొత్తం డివిడెండ్‌గా లెక్కపడే ప్రమాదం. బేసిస్ తీసేసుకునే అవకాశం పోతుంది, వాయిదాల పన్ను సౌకర్యమూ పోతుంది. తప్పించుకోవాలంటే తండ్రి పదేళ్లపాటు కంపెనీలో ఉద్యోగిగా, డైరెక్టరుగా, ఆఫీసరుగా ఉండనని రాతపూర్వకంగా ఒప్పుకుని రిటర్న్‌తో పాటు జతచేయాలి. అప్పిచ్చినవాడిగా ఉండొచ్చు. "నాన్నగారు వారానికి రెండ్రోజులు ఆఫీసుకి వచ్చి చూసుకుంటారు" అనే ఏర్పాటు ఇక్కడ చెల్లదు. కొడుకు నేరుగా కొంటే ఈ గొడవేమీ లేదు. సి కార్పొరేషన్‌లో రిడెంప్షన్‌కే మొగ్గమన్న నేను, తండ్రి ఆఫీసు మానలేని ఇళ్లలో మాత్రం క్రాస్ పర్చేజే మేలంటాను.

ధరను ముక్కలు చేయడం

కొనేవాళ్లు వేసే ఎత్తు ఒకటుంది. "మొత్తం వాటా ధరగా రాస్తే నాకు ఏ ఖర్చూ రాదు, అందులో 2 లక్షలు పోటీ వ్యాపారం పెట్టనన్న హామీకి అని రాద్దాం." ఆ ముక్క సోముకి మామూలు ఆదాయమవుతుంది, 37 శాతం దాకా. కొన్నవైపు దాన్ని 15 ఏళ్లలో విడతలుగానే ఖర్చు రాసుకోవాలి. రికవరీ గ్రూప్ కేసులో ఒక కంపెనీ 23 శాతం వాటాను తిరిగి కొంటూ ఏడాది హామీకి 4 లక్షల డాలర్లు ఇచ్చి, ఏడాదిలోనే ఖర్చు రాసుకుంది. 2011లో మొదటి సర్క్యూట్ కోర్టు 15 ఏళ్లే అంది. ఒకవైపు ఇవాళే 37 శాతం, మరోవైపు 15 ఏళ్లకు విడగొట్టిన తగ్గింపు. ఇద్దరినీ కలిపి చూస్తే నష్టమే ఎక్కువ. రిడెంప్షన్‌కి అయిన లాయరు ఫీజు కూడా 162(కె) కింద ఖర్చు కాదు. అప్పు తెచ్చుకోవడానికైన ఖర్చు, వడ్డీ మాత్రమే మినహాయింపు.

వాయిదాలైతే సోము ఫారం 6252 వేస్తాడు. 10 లక్షల్లో 9 లక్షలు లాభం గనుక ప్రతి వాయిదాలో 90 శాతం లాభం. ఇవాళ 2 లక్షలు, తర్వాత నాలుగేళ్లు ఏటా 2 లక్షలు అయితే, ఏటా 1,80,000 మీదే పన్ను. 20 శాతం శ్లాబు తగలకుండా 15లోనే సర్దుకునే అవకాశం కూడా ఉంటుంది. వడ్డీ వేరుగా రాయాలి. ఐఆర్ఎస్ నెలనెలా ప్రకటించే కనీస రేటు కంటే తక్కువ రాస్తే, అసలులో కొంత భాగాన్నే వడ్డీగా లెక్కవేస్తుంది. ఇంకో మెలిక. ధర 1,50,000 డాలర్లు దాటిన అమ్మకంలో, సోము ఆ ప్రోనోటును బ్యాంకులో తాకట్టు పెట్టి గచ్చిబౌలిలో ఫ్లాటు కోసం అప్పు తీసుకుంటే, తీసుకున్న అప్పు మేరకు వాయిదా సొమ్ము ముట్టినట్టే. పన్ను ఆ ఏడే.

విడిపోవడం కాక చావు వల్ల వాటా చేతులు మారితే అన్న ప్రశ్నకు 2024 జూన్ 6న సుప్రీంకోర్టు కానెలీ కేసులో ఇచ్చిన తీర్పు చాలా ఒప్పందాలను తలకిందులు చేసింది. సెయింట్ లూయిస్‌లో భవన నిర్మాణ సామగ్రి అమ్మే కంపెనీ. ఇద్దరు అన్నదమ్ములు. ఒకరికి 77.18 శాతం. ఒకరు పోతే రెండోవారు కొనవచ్చు, కొననంటే కంపెనీ కొనాలి అని ఒప్పందం. దానికోసం ఒక్కొక్కరి మీద 35 లక్షల డాలర్ల జీవిత బీమా కంపెనీ పేరనే. ఆ 77.18 శాతం ఉన్నాయన పోయాక రెండో ఆయన కొననన్నాడు, కంపెనీ బీమా డబ్బులోంచి 30 లక్షలిచ్చి వాటా తిరిగి కొంది. వాటా విలువ కట్టేటప్పుడు ఆ బీమా డబ్బు కూడా కంపెనీ ఆస్తే, తిరిగి కొనాల్సిన బాధ్యతను అందులోంచి తీసేయకూడదు అని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. అదనపు ఎస్టేట్ పన్ను (చనిపోయినవారి ఆస్తి మీద పడే పన్ను) 8,89,914 డాలర్లు. అదే బీమాను ఒకరి మీద ఒకరు తీసుకుని, పాలసీ ఎదుటివాడి పేర ఉంచుకుని ఉంటే ఆ డబ్బు కంపెనీ విలువలోకి వచ్చేది కాదు. బతికున్నప్పుడు సి కార్పొరేషన్‌లో రిడెంప్షన్ మేలన్న వాదన, చావు బీమా దగ్గరికి వచ్చేసరికి తిరగబడుతుంది. కాబట్టి ఒకే బై-సెల్ అగ్రిమెంట్‌లో ఈ రెండు సందర్భాలకూ వేర్వేరు క్లాజులు ఉండాలి, రెండో క్లాజులో కొనేవాడి చోట కంపెనీ పేరు ఉండకూడదు.